ఈ ఆదివారం మాండెల్‌స్టామ్

ఫ్రెండ్స్, బీచ్ రోడ్డులో గోల ఎక్కువ, ఈసారి ద్వారకానగర్ లైబ్రరీ దగ్గర కలుద్దాం. రష్యన్ కవి ఓసిప్ మాండెల్‌స్టామ్ 1933లో సోవియట్ నేత స్టాలిన్‌ని ఎద్దేవా చేస్తూ కవిత అల్లి, కాగితం మీద పెట్టకుండా నమ్మిన కొద్దిమందికే వినిపించారు. మా మాటలు పది అడుగుల అవతలికి వినపడవన్న భయం ఆ కవితలోనే ఉంది, ఆయన బతుకూ సరిగ్గా అలాగే అయింది. 1934లో అరెస్టు చేశాక విచారణలో ఆ కవితను ఆయన చేతనే రాయించారు, ఆ కాగితం పోలీసు ఫైల్లో మిగిలింది (ఎంత విడ్డూరమో చూడండి!). తర్వాత వొరోనెజ్‌లో ప్రవాసం, 1938 డిసెంబరులో వ్లాదివొస్తోక్ దగ్గరి శిబిరంలో మరణం. ఆయన కవితలెన్నో భార్య నదేజ్దా కంఠస్థం చేసి కాపాడారు. 1937లో ఆయనే స్టాలిన్‌ని పొగుడుతూ రాశారు కూడా, నాకైతే అది పిరికితనం అనిపించదు, మీరేమంటారో ఆదివారం చెప్పండి.