ఆదివారం బల్ల: ఫీజు గురించి, పేరు రానివాళ్ల గురించి

హన్మకొండలో మా స్టేషనరీ షాపుకు వచ్చే అమ్మానాన్నలకు, తాతలకు, అమ్మమ్మలకు నమస్తే.

ముందు డబ్బు సంగతి. ఆదివారం పూట కొత్తవి కనిపెట్టినవాళ్ల కథలు చెప్పి పిల్లలతో చేయించే బొమ్మలు, ప్రయోగాల ఫీజు వచ్చే నెల నుంచి 150 రూపాయలు. ఇప్పటిదాకా 100 ఉండేది. అట్టలు, రంగులు, జిగురు అన్నీ పిరమయ్యాయి. దీని మీద నాకు మిగిలేదేం లేదు, షాపు నడిచేది నోటుబుక్కుల మీదే. పిల్లల వెంట ఇంట్లోంచి ఎంతమంది వచ్చినా వాళ్లకు ఫీజు లేదు. పెద్దలు తప్పకుండా రావాలనే నా కోరిక.

ఎడిసన్, న్యూటన్ల గురించి చెప్తే పరీక్షలకైనా పనికొస్తుంది కదా అని కొందరు అడిగారు. వాళ్ల గురించి బడిలో ఎట్లాగూ చెప్తారు. మా బల్ల దగ్గర పాఠాల్లో పేరు వినబడని వాళ్లే ఉంటారు. ఇది మార్చను.

కాజీపేటలో హైదరాబాద్ రైలెక్కితే ఆలేరు మీదుగానే పోతాం. ఆ ఆలేరు దగ్గరి శారాజీపేట మనిషి చింతకింది మల్లేశం. ఒక్క పట్టుచీరకు ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు దారం సిద్ధం చేయాలంటే, మేకుల చుట్టూ దారం తిప్పుతూ చెయ్యి దాదాపు 9,000 సార్లు ఆడాలి. వాళ్లమ్మ లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక ఆయన ఆసు యంత్రం కోసం ఏళ్లకేళ్లు కష్టపడి 1999లో సాధించాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. అయినా మన పిల్లల్లో చాలామందికి ఆయన తెలియదు. చెక్కకు మేకులు కొట్టి ఊలు దారం ఇస్తే, కాసేపటికే చేతులు గుంజుతున్నాయన్నారు పిల్లలు. పక్కన కూర్చున్న ఒక అమ్మమ్మ దారం అందుకొని చకచకా పోసి చూపించింది. ఆ తర్వాత అట్ట, సైకిల్ పుల్లలతో తిప్పుడు చక్రం చేయమంటే పిల్లలు ఎంత శ్రద్ధగా చేశారో!

నాకు బాగా ఇష్టమైన మనిషి మార్గరెట్ నైట్. అమెరికాలో బట్టల మిల్లులో మగ్గం మీద దారాన్ని అటూ ఇటూ తీసుకెళ్లే నాడె ఎగిరి పనివాళ్లకు తగలడం చూసి, పన్నెండేళ్ల వయసులోనే దానికి రక్షణ ఉపాయం కనిపెట్టింది. మన వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లులో చేసిన తాతలుంటే ఈ కథ మీరే పిల్లలకు చెప్పండి, నాకంటే బాగా చెప్తారు. తర్వాత అడుగుభాగం చదునుగా ఉండే కాగితం సంచుల యంత్రం చేసింది. దాన్ని చూసిపోయిన మనిషొకడు తనదేనని పేటెంట్‌కు పోతే, తన బొమ్మలు, నమూనాలు కోర్టు ముందు పెట్టి గెలిచింది. 1871లో పేటెంట్ ఆమె పేరునే వచ్చింది. మా బల్ల దగ్గర ప్రతి పిల్లా తను చేసేదాన్ని మెట్టుమెట్టుకూ బొమ్మ గీసి, కింద తేదీ వేసేది అందుకే. బొమ్మ చక్కగా రాలేదని దయచేసి దిద్దకండి. ఎక్కడ మడత పెట్టిందో తెలిస్తే చాలు.

ఈ ఆదివారం నరీందర్ సింగ్ కపానీ. పంజాబ్ మోగాలో పుట్టి, 1954లో లండన్‌లో సన్నటి గాజు పోగుల కట్టతో బొమ్మను ఒక కొస నుంచి ఇంకో కొసకు పంపించి చూపినవాడు. 2009లో ఈ గాజు పోగుల (ఫైబర్) పనికి నోబెల్ ఇచ్చినప్పుడు అది చార్లెస్ కావోకు దక్కింది. సీసాకు చిన్న బొక్క పెట్టి, కారే నీటిధారలోకి వెనక నుంచి లేజర్ వేస్తే వెలుగు కూడా ధారతో పాటే వంగుతుంది. లేజర్ పెద్దల చేతిలోనే ఉంటుంది, కళ్లకు తగలనివ్వం. లీటరు ప్లాస్టిక్ సీసా ఒకటి తెచ్చుకోండి. పొద్దున 10 గంటలకు, షాపు వెనక గదిలో.