కుర్చీ విడిచి కుర్చీ

సంపాదకులకు,

ఈ వేసవిలో అమ్మాయి దగ్గర ఉన్నప్పుడు మనవరాలితో అమెరికాలో డాలస్‌లోని హోలోకాస్ట్ అండ్ హ్యూమన్ రైట్స్ మ్యూజియం చూశాను. యూదులను చావు శిబిరాలకు తరలించడానికి వాడినలాంటి, నాజీల కాలం నాటి రైలు పెట్టె అక్కడ ఉంది. "అమ్మమ్మా, ఇందులో అంతమందిని ఎలా కుక్కారు?" అంది పిల్ల. నాకు నోట మాట రాలేదు. 60 లక్షల మంది యూదుల హత్యను చెప్పి ఊరుకోకుండా, అమెరికా నల్లజాతివారి పౌరహక్కుల పోరాటాన్నీ అక్కడే చూపిస్తారు.

ఇంటికొచ్చాక ఎర్న్‌స్ట్ బోరిన్‌స్కీ గురించి చదివాను. నాజీల నుంచి తప్పించుకున్న యూదు న్యాయవాది. 1947 నుంచి అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో నల్లజాతి విద్యార్థుల టూగలూ కాలేజీలో సోషియాలజీ చెప్పారు. ఆ రోజుల్లో అక్కడ నల్లవాళ్లను, తెల్లవాళ్లను వేరువేరుగా ఉంచేవారు. సభలప్పుడు తన విద్యార్థులను ముందే వచ్చి కుర్చీ విడిచి కుర్చీలో కూర్చోమనేవారట. తర్వాత వచ్చిన తెల్లవాళ్లు వాళ్ల పక్కన కూర్చోక తప్పేది కాదు! 36 ఏళ్లు పాఠాలు చెప్పిన టీచరుగా ఆ ఉపాయానికి చేతులెత్తి మొక్కాను.

ఆ పోరాటంతో మనకూ సంబంధముంది. జాతి వివక్షను నిషేధించిన 1964 పౌరహక్కుల చట్టం వెనకే 1965 వలస చట్టం వచ్చింది. మనవాళ్లకు అమెరికా తలుపులు తెరుచుకున్నది దానితోనే. మీ ప్రవాస పేజీలో పండగ ఫొటోలతో పాటు ఇలాంటి మ్యూజియాల గురించీ రాయండి. అక్కడి తల్లిదండ్రులు సెలవుల్లో పిల్లల్ని తప్పక తీసుకెళ్లాలి.

– విశ్రాంత ఉపాధ్యాయిని, నల్లగొండ