కాకి, నక్క, మా ఫ్రెంచి క్లాసు

తిరుపతి,
ఆదివారం

ఒరేయ్ మామా,

"తిరుపతిలో ఫ్రెంచి ఎవడు నేర్చుకుంటాడ్రా" అని నవ్వి ఫోన్ పెట్టేశావు. ఫోన్లో జవాబు చెబితే మధ్యలో అడ్డం తగులుతావు, అందుకే రాస్తున్నా. తీరిగ్గా చదువు.

నేర్చుకునేవాళ్ళు బాగానే ఉన్నారు. సగం మంది కెనడా బాపతు. ఫ్రెంచి వస్తే అక్కడ స్థిరపడడానికి పెట్టుకునే దరఖాస్తులో పాయింట్లు కలుస్తాయని ఆశ. మిగతావాళ్ళు సెకండ్ లాంగ్వేజిగా తీసుకున్న పిల్లలు, మార్కులు బాగా పడతాయని ఎవరో చెప్పారట. ఫ్రెంచి సాహిత్యం మీద మోజుతో వచ్చినవాడు ఒక్కడూ లేడు. నాకేం బాధ లేదు, మనం మాత్రం డిగ్రీలో మోజుతో చేరామా?

వీళ్ళ చేత క్రియాపదాల పట్టికలు వల్లె వేయించడం తేలిక. మా సెంటర్ ఓనరు గారికీ అదే కావాలి. "కథా కాకరకాయా తర్వాత సార్, ముందు సిలబస్ అవగొట్టండి" అంటాడు. పట్టికలు నేనూ చెబుతాను. కానీ పట్టికంతా వచ్చినవాణ్ణి లేపి "ఏదైనా మాట్లాడరా" అంటే, నా పేరు ఫలానా, మా ఊరు ఫలానా అని ఆగిపోతాడు. వాడికి భాష రాక కాదు, చెప్పాలన్నంత మాట ఏదీ లోపల లేక. ఆ మాట పుట్టించడానికే కథలు పట్టుకున్నా.

లా ఫోంతేన్ అని ఒక కవి. ఫ్రాన్సులో బడిపిల్లలు తరతరాలుగా కంఠతా పట్టే కథలు ఆయనవి. 1668లో మొదటి సంపుటం వేసి ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ కొడుక్కి అంకితమిచ్చాడు. ఆ పిల్లాడికి అప్పుడు ఆరేళ్ళు. అందులోదే కాకి-నక్క కథ. కాకి నోట్లో చీజు ముక్క, నక్క పొగడ్త, కాకి నోరు తెరవడం, ముక్క కిందపడడం. "ఇది మాకు తెలుసు సార్, మాంసం ముక్క కదా" అన్నారు పిల్లలు. నగరి నుంచి వచ్చే అమ్మాయి మాత్రం "కాదు, వడ" అంది. వాళ్ళ అవ్వ చెప్పిన కథలో కాకి, వడలమ్మే ముసలమ్మ దగ్గర వడ ఎత్తుకొస్తుందట. ఇంకో రకం కూడా ఉందంది. అందులో కాకి వడను కాలి కింద తొక్కిపెట్టి, ఆ తర్వాతే కావు కావుమంటుందట!

అప్పుడు తత్వవేత్త రూసో సంగతి ఎత్తాను. పిల్లల పెంపకం, చదువు గురించి 1762లో వచ్చిన 'ఎమిల్' పుస్తకంలో ఆయన ఈ కథను పాదం పాదం విప్పి ఉతికి ఆరేశాడు. పిల్లలకు ఇది చెబితే కాకిని చూసి బుద్ధి తెచ్చుకోరు, నక్క పక్షం చేరతారు అంటాడు. నిజమో కాదో చూద్దామని చేతులెత్తమన్నా. రూసోయే గెలిచాడు, దాదాపు అందరూ నక్క పార్టీ. కెనడాకి కాగితాలు పెట్టుకున్న బీటెక్ కుర్రాడు లేచి "నక్క దొంగతనం చేయలేదు సార్, మార్కెటింగ్ చేసింది" అన్నాడు. క్లాసంతా చప్పట్లు.

నగరి అమ్మాయి ఊరుకోలేదు. "ఆ వడ కాకి సొమ్మా? అవ్వ సంగతి ఎవరూ అడగరేం?" అంది. ఇదే ఫ్రెంచిలో చెప్పమన్నా. వచ్చీరాని ఫ్రెంచిలో, క్రియలన్నీ వర్తమానంలో పెట్టి మొదలెట్టింది. "కాకి వడ తీసుకుంటుంది" అని, అది ఎప్పుడో జరిగిపోయిన పని కదా అని తనకే తోచి ఆగింది. పుస్తకం తిరగేసి భూతకాలం వెతుక్కుని వాక్యం మళ్ళీ కట్టింది. నెలరోజులుగా నేను బోర్డు మీద రాస్తే ఎవరి తలకూ ఎక్కని భూతకాలం, కాకిని దొంగగా నిరూపించాల్సిన అవసరం వచ్చేసరికి ఎక్కేసింది. అన్నట్టు లా ఫోంతేన్ కథలో అవ్వ లేదు. కాకికి ఆ చీజు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆయన చెప్పడు. ఎందుకు చెప్పలేదన్న దాని మీద ఒక పేరా రాసుకు రమ్మన్నా.

అసలు మజా తాబేలు కథతో వచ్చింది. 1678 సంపుటం ముందుమాటలో లా ఫోంతేన్, ఇందులో చాలా కథలకు భారతదేశపు పండితుడు పిల్పేకి రుణపడి ఉన్నానని ఒప్పుకున్నాడు. మన పంచతంత్రం పహ్లవీ (పాతకాలపు ఇరాన్ భాష), అరబ్బీ, పారశీకం మీదుగా నడుచుకుంటూ పోయి 1644లో ఫ్రెంచిలో తేలింది. ఇది చెప్పి "చూశారా, అంతా మనదే" అని మీసం మెలేస్తే సరిపోదు మామా, వాట్సాప్‌లో ఆ పని చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. కథ ఎక్కడ మారిందో చూడమన్నా. పంచతంత్రంలో వానల్లేక చెరువు ఎండిపోతోంది, తాబేలు బతకడానికి హంసల సాయం అడుగుతుంది. లా ఫోంతేన్ తాబేలుకు ఆ గతి పట్టలేదు. ఉన్నచోట విసుగుపుట్టి లోకం చూడాలనుకుంటుంది. బాతులు వచ్చి గాల్లో ఎక్కడికి తీసుకుపోతామంటాయో తెలుసా? అమెరికాకి! ఒట్టు, కవి రాసిన మాటే.

క్లాసు గొల్లుమంది. నవ్వు తగ్గాక వెనక బెంచీ నుంచి "మేం ఏ తాబేళ్ళం సార్?" అని వచ్చింది. ఆ రోజు సిలబస్ అటకెక్కింది. మదనపల్లె వైపు కుర్రాడు, ఎప్పుడూ నోరు మెదపడు, వాళ్ళ నాన్న బోర్లు వేయించి అప్పులపాలైన సంగతి చెప్పి "నాది చెరువెండిన తాబేలు" అన్నాడు. బీటెక్ కుర్రాడు ఏ దాపరికమూ లేకుండా "నాది విసుగు" అన్నాడు. రెండు తాబేళ్ళూ నోరు తెరిచే పడిపోతాయి కదా, మరి ఇద్దరికీ ఒకే నీతి ఎలా సరిపోతుందని ఒకళ్ళు. కింద నిలబడి కేకలేసిన జనం తప్పేం లేదా అని ఇంకొకళ్ళు. "ఆన్సర్ ఏది సార్?" అని ఒకడు అడగనే అడిగాడు, ఎంసెట్ బిట్ల అలవాటు ఎక్కడికి పోతుంది! ఫ్రాన్సులో బడి చదువు ముగిశాక రాసే బాకలోరియా పరీక్షలో ఫిలాసఫీ పేపరు నాలుగు గంటలు, ఒకే ప్రశ్న మీద అటూ ఇటూ వాదించి రాయాలి అని చెబితే నోళ్ళు తెరిచారు. ఆ పద్ధతిలోనూ లోపాలున్నాయి, దానికీ గైడ్లు అమ్ముతారు. అయినా బిట్ల కంటే నయమే.

మా తిరుపతి గంగజాతరలో కట్టే వేషాల మీద కూడా రాయించా. ఫ్రాన్సులో డంకర్క్ అనే రేవులో కార్నివాల్‌కి మగవాళ్ళు ఆడవేషాలు కడతారు, మేయరు టౌన్‌హాలు బాల్కనీ మీంచి జనంలోకి చేపలు విసురుతాడు. ఐస్‌లాండ్ వైపు వేటకు వెళ్ళే జాలర్ల వీడ్కోలు పండగట అది. మరి మన వేషాలెందుకని అడిగితే సగం మందికి తెలీదు. ఇంట్లో అడిగొచ్చి, ఆడవాళ్ళను చెరపట్టే పాలెగాణ్ణి గంగమ్మ వేషాలు మార్చి వెతికి చంపిన కథ ఫ్రెంచిలో రాశారు. తప్పుల కుప్పలే. కానీ దిద్దుతుంటే ఒక్కదానికీ విసుగు రాలేదు.

ఇప్పుడు నీతో పని. నువ్వు యానాంలో కూర్చుని ఊరికే గోదావరి గాలి పీలిస్తే ఎలా? మా పుస్తకంలో ఫ్రెంచి అంటే పారిస్, ఐఫిల్ టవరు, అంతే. తెలుగు మాట్లాడే ఊళ్ళో 1954 దాకా ఫ్రెంచి పాలన ఉందంటే మా వాళ్ళు నమ్మడంలేదు. ఆ రోజుల్లో ఫ్రెంచి బడికి వెళ్ళిన పెద్దలు, ఎనభై దాటినవాళ్ళు, ఎవరైనా ఉంటే కనుక్కో. వీడియో కాల్‌లో ఒక గంట కూర్చోబెట్టు. ప్రశ్నలు పిల్లలే రాసుకున్నారు, విడిగా పంపుతా. నగరి అమ్మాయి ప్రశ్న మాత్రం ఇప్పుడే చెబుతున్నా, ముందుగా వాళ్ళ చెవిన వెయ్యి: బళ్ళో కాకి కథ చెప్పారా, చెబితే ఎవరి పక్షం అన్నారు?

చెల్లెమ్మను అడిగానని చెప్పు. కాల్ ఏ ఆదివారం కుదురుతుందో త్వరగా తేల్చు, ఓనరు గారికి నేనేదో ఒక సాకు చెప్పుకోవాలి.

నీ
మామ