స్టీరింగ్ లాక్ తీసి పక్కన పడేయకండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో కార్ల భద్రత మీద వచ్చిన వ్యాసం చదివాను. చాలా విషయాలు బాగా చెప్పారు. కానీ ఇప్పటి ఖరీదైన కార్లలో ఇమొబిలైజర్ (సరైన తాళంచెవి లేకుండా ఇంజిన్ స్టార్ట్ కానివ్వనిది), అలారం, జీపీఎస్ అన్నీ కంపెనీయే పెట్టి ఇస్తోంది కాబట్టి స్టీరింగ్‌కి తగిలించే ఇనుప లాక్ ఇక అనవసరం అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఆ మాట తప్పు. అది నమ్మి ఎవరైనా ఉన్న లాక్ తీసి అటకెక్కిస్తారేమోనన్న భయంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా అబ్బాయి కెనడాలో టొరంటో పక్కనున్న బ్రాంప్టన్‌లో ఉంటాడు. 2023 చలికాలంలో మనవరాలు పుట్టినప్పుడు నేనక్కడే ఉన్నాను. ఒకరోజు తెల్లవారుజామున మూడున్నరకి పసిపిల్ల ఏడిస్తే లేచాను. పాలు కలుపుతూ కిటికీలోంచి చూస్తే బయటంతా మంచు, ఇంటి ముందు కారు ఉంది. నాలుగున్నరకి మళ్లీ చూసేసరికి లేదు. మంచు మీద టైర్ల గుర్తులు మాత్రం ఉన్నాయి. అలారం మోగలేదు, అద్దం పగిలిన చప్పుడు లేదు. నేను మెలకువగానే ఉన్నాను కదా, ఏ చిన్న శబ్దమైనా నాకు వినపడి ఉండేది. రెండు తాళంచెవులూ గుమ్మం పక్కన గిన్నెలోనే ఉన్నాయి. అబ్బాయి ఆ కారుకి ఇంకా నాలుగేళ్ల వాయిదాలు కట్టాలి.

ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పినదాన్ని. అదెలా పోయిందో అర్థమయ్యేదాకా నాకు నిద్ర పట్టలేదు. ఈ కార్లకి తాళంచెవి జేబులో ఉంటే చాలు, తలుపు తెరుచుకుంటుంది, బటన్ నొక్కితే ఇంజిన్ స్టార్ట్ అవుతుంది. కారు నుంచి ఒక బలహీనమైన రేడియో సంకేతం వెళ్తుంది, అది ఒకటి రెండు మీటర్ల దూరమే అందుతుంది, అందుకున్న తాళంచెవి జవాబిస్తుంది. జవాబు వచ్చిందంటే యజమాని పక్కనే ఉన్నాడని కారు లెక్క. దొంగలు ఇద్దరు వస్తారు. ఒకడు కారు పక్కన నిలబడతాడు, రెండోవాడు ఇంటి గోడ దగ్గరో గుమ్మం దగ్గరో యాంటెన్నా పట్టుకుంటాడు, కారు పిలుపుని వీళ్లు లోపలున్న తాళంచెవిదాకా చేరవేస్తారు, దాని జవాబుని మళ్లీ కారుదాకా తెస్తారు. ఇక్కడ ఏ కోడూ విరగ్గొట్టలేదు. కారుకి అందింది అసలు తాళంచెవి ఇచ్చిన అసలు జవాబే, అలాంటప్పుడు ఇమొబిలైజర్ ఎందుకు అడ్డుకుంటుంది, అలారం ఎందుకు మోగుతుంది? నిమిషం, రెండు నిమిషాల పని.

ఇంకో పద్ధతిలో తాళంచెవి సంకేతం కూడా అక్కర్లేదు. 2022లో లండన్‌లో కార్ల సైబర్ సెక్యూరిటీ మీదే పనిచేసే ఒకాయన టయోటా రావ్4 పోయింది. అంతకుముందే ఎవరో బంపర్ లాగి, హెడ్‌లైట్ వైర్లు పీకి ఉండటం ఆయన గమనించారు. ఆయనా, ఆయన మిత్రుడైన ఇంకో నిపుణుడూ కూపీ లాగితే తేలిందేమిటంటే, హెడ్‌లైట్ వెనక వైర్ల ద్వారా కారు లోపలి కంప్యూటర్ల నెట్‌వర్క్‌లోకి చొరబడి, తాళంచెవి సరైనదే అన్న అబద్ధపు సందేశం పంపుతున్నారు. ఆ పరికరాన్ని బ్లూటూత్ స్పీకర్‌లా కనిపించేలా తయారు చేశారు. 2023లో ఈ వివరాలన్నీ బయటపెట్టారు.

ఇదంతా విదేశాల గొడవ అనుకోకండి. కొన్నేళ్ల కిందట బంజారాహిల్స్‌లో ఒక స్టార్ హోటల్ పార్కింగ్‌లోంచి ఒక కన్నడ సినిమా నిర్మాత ఫార్చ్యూనర్ పోయింది. పోలీసులు తర్వాత పట్టుకున్నది రాజస్థాన్ నుంచి వచ్చిన ఒక దొంగని, అతను వాడింది కొత్త తాళంచెవి తయారు చేసుకునే ఎలక్ట్రానిక్ పరికరం.

వీళ్లందరూ వచ్చేది ఎలక్ట్రానిక్ సామాను పట్టుకుని. కారు ఎంత తెలివైనదైతే వాళ్లకి అంత దారి. స్టీరింగ్‌కి అడ్డంగా ఉన్న ఇనుము మాత్రం ఏ సంకేతమూ వినదు. తలుపు తెరుచుకున్నా, ఇంజిన్ స్టార్ట్ అయినా స్టీరింగ్ తిరగదు, తిరగకపోతే కారు ఆ వీధి మలుపు దాటదు. అలాగని దాన్ని కోయలేరని నేననను. లాక్ గట్టిదైతే దాన్ని వదిలేసి స్టీరింగ్ రింగునే హ్యాక్సా బ్లేడుతో కోసి లాక్ లాగేస్తారు, అది తెలిసిన సంగతే. కానీ కోయాలంటే కారులో కూర్చుని చెయ్యాలి, చప్పుడు అవుతుంది, చెమట పడుతుంది, ఆలోగా ఏ ఇంట్లో లైటు వెలుగుతుందో తెలియదు. చప్పుడు లేకుండా రెండు నిమిషాల్లో పోదామని వచ్చినవాడికి అదే పెద్ద టెన్షన్. పైగా అది అద్దంలోంచి ముందే కనపడుతుంది కాబట్టి చాలాసార్లు వాడు అసలు మొదలే పెట్టడు. లోపల దాచిన పరికరం ఈ పని చేయలేదు. ఆ రోజు మా ఇంటి ముందు ఇలాంటి చప్పుడు రెండు నిమిషాలు వచ్చి ఉంటే నేనే లైటు వేసేదాన్ని.

కొనేటప్పుడు మాత్రం తేలికపాటి రాడ్డు కొనకండి. స్టీరింగ్ మొత్తాన్ని పళ్లెంలా కప్పేసేవి దొరుకుతాయి, వాటికి రింగు కోయడం కూడా కష్టం. కారునే ఎత్తుకుపోయే టోయింగ్ బండి ముందు ఏ స్టీరింగ్ లాకూ నిలవదు, అదీ ఒప్పుకోవాలి. డిక్కీలో పడి ఉన్న లాక్ వల్ల కూడా ఏ ఉపయోగమూ లేదు, రోజూ రాత్రి వెయ్యాలి, ఆ అరనిమిషం బద్ధకించకూడదు.

హైదరాబాద్‌లో మా మరిది కొడుకు కొత్తగా జర్మన్ కారు కొన్నాడు. లాక్ కొనుక్కోరా అంటే, "అంత పెట్టి కొన్న కార్లో ఇనప ముక్క ఏంటి పెద్దమ్మా, షోరూం వాళ్లే వద్దన్నారు" అన్నాడు. షోరూం వాళ్లకి ఏం పోతుంది? కారు పోతే ఎఫ్ఐఆర్ కోసం, దొరకలేదన్న రిపోర్టు కోసం స్టేషన్ చుట్టూ తిరగాల్సింది వీడు. రెండు తాళంచెవులూ చూపించమని ఇన్సూరెన్స్ వాళ్లు అడిగేదీ వీణ్నే. మన దేశంలో వాహనాలని పరీక్షించే ఏఆర్ఏఐ సంస్థ ఆమోదం ఉన్న యాంటీ థెఫ్ట్ పరికరం పెట్టుకుంటే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో, అంటే మన సొంత కారుకి జరిగే నష్టం కోసం కట్టేదాంట్లో, తగ్గింపు 2.5 శాతం, అదీ 500 రూపాయలు దాటకుండా. కోటి రూపాయల కారుకి ఆ 500 చూసి ఎవరు కదులుతారు? దీన్ని పెంచాలని కూడా మీరు రాయాలి.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టిన ప్రశ్న వేరే ఉంది. నా కారుకి లాక్ కనపడితే దొంగ పక్కింటి కారు దగ్గరికి పోతాడు కదా, అది న్యాయమా? దీని మీద అమెరికాలో అయర్స్, లెవిట్ అనే ఇద్దరు 1998లో ఒక అధ్యయనం ప్రచురించారు. కారులో ఎక్కడో దాచిపెట్టే, కారు పోతే ఎక్కడుందో పోలీసులకి తెలియజేసే లోజాక్ అనే ట్రాన్స్‌మిటర్ ఎక్కువమంది వాడిన ఊళ్లలో, అది లేని కార్ల దొంగతనాలు కూడా తగ్గాయని తేల్చారు. దేనికి ఉందో దొంగకి తెలియదు కాబట్టి అన్నింటికీ భయపడతాడు. బయటికి కనపడేది నన్ను కాపాడుతుంది, దాచింది ఊరందరినీ కాపాడుతుంది. ఈ ప్రశ్నకి నాకు దొరికిన సమాధానం రెండూ పెట్టుకోవడమే, పక్కింటివాళ్లకి కూడా చెప్పి పెట్టించడమే. మా అబ్బాయి వీధిలో ఇప్పుడు ఏడెనిమిది ఇళ్ల వాళ్లు అలాగే చేశారు, అందులో రెండిళ్లు మన గుంటూరు, కరీంనగర్ వాళ్లవి.

కెనడాలో పరిస్థితి ఎంత దూరం పోయిందంటే, 2024 ఫిబ్రవరిలో ఒట్టావాలో ప్రభుత్వం కేవలం కార్ల దొంగతనాల మీద జాతీయ సమావేశం పెట్టాల్సి వచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో మాంట్రియల్ ఓడరేవు కంటెయినర్లలోంచి 598 దొంగ కార్లు పట్టుకున్నామని పోలీసులు ప్రకటించారు. అంతకు కొద్ది వారాల ముందే టొరంటో పోలీసు అధికారి ఒకరు, దొంగలు ఇంట్లోకి వచ్చి మీ మీద పడకుండా తాళంచెవులు గుమ్మం దగ్గరే పెట్టుకోండని జనానికి సలహా ఇచ్చారు. ఆ మాట విని నా కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది, లోపల నెలల పిల్ల ఉన్న ఇల్లు కదా. ఇప్పుడు అబ్బాయి తాళంచెవులు సంకేతాలు బయటికి పోనివ్వని సంచీలో వేసి పెడుతున్నాడు, కొత్త కారుకి తాళంచెవి జేబులో ఉండగానే తెరుచుకునే సౌకర్యం సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆపేశాడు, రాత్రి స్టీరింగ్‌కి పసుపు రంగు లాక్ వేస్తున్నాడు. రంగు కూడా ముఖ్యమే, చీకట్లో టార్చి కొడితే ముందు అదే కనపడాలి.

మీ వ్యాసంలోని ఆ ఒక్క వాక్యాన్ని వచ్చే ఆదివారం సవరించి వేయమని కోరుతున్నాను.

ఇట్లు,
రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్, హనుమకొండ