టీజే గురించి ఒక మాట

అందరికీ నమస్కారం అండి. వర్జీనియాలోని థామస్ జెఫర్సన్ (టీజే) అనే సైన్స్ పబ్లిక్ హైస్కూల్‌లో అడ్మిషన్ పద్ధతి మార్చడం గురించి రాత్రి గ్రూపులో గట్టిగానే వాదించుకున్నాం కదా, అందుకే ఇది.

ఎంట్రన్స్ టెస్ట్ 2020లో తీసేశారు. ఇప్పుడు ఒక్కో మిడిల్ స్కూల్ ఎనిమిదో తరగతిలో 1.5 శాతం మందికి సమానంగా సీట్లు పెడతారు. మార్కులు, వ్యాసాలు చూస్తారు. కొత్త పద్ధతిలో మొదటి బ్యాచ్‌లో ఆసియా పిల్లలు 73 నుంచి 54 శాతానికి తగ్గారు. పేద కుటుంబాల పిల్లలు ఒక శాతం కూడా ఉండేవారు కాదు, 25 శాతం అయ్యారు. దీనిమీద కొందరు తల్లిదండ్రులు వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 2024లో వినబోమన్నారు.

"టెస్ట్ తీసేశారు, అందుకే ర్యాంకు 1 నుంచి 14కి పడింది" అని యూఎస్ న్యూస్ పత్రిక ఇచ్చే స్కూళ్ల ర్యాంకుల గురించి ఒకరు రాశారు. అది తప్పండి. 2024 ర్యాంకుకి ముఖ్యంగా లెక్కేసింది 2022లో పాసైన పిల్లల మార్కులు. వాళ్లంతా పాత టెస్ట్ రాసి చేరినవాళ్లే!

మా డైనింగ్ టేబుల్ మీద పెద్దవాడి కోచింగ్ పుస్తకాలు ఇంకా అలాగే ఉన్నాయి. చిన్నదానికి అవి అక్కర్లేదు. ఆల్జీబ్రా 1 మాత్రం కనీసం ఎనిమిదో తరగతిలోనైనా తీసుకోవాలి, అది మర్చిపోకండి.