కొత్తవాళ్లకి వేరే రేటు: ఎంఎస్ఎంఈ మంత్రి గారికి గాజువాక నుంచి ఒక బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. గాజువాక ఆటోనగర్‌లో నాకో ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది. రెండు లేత్‌లు, నాలుగు వెల్డింగ్ సెట్లు, తొమ్మిది మంది పనివాళ్లు. ఫ్లాంజ్‌లు (పైపుల్ని కలిపి బిగించే ఇనుప చక్రాలు), పైపు సపోర్టులు, ట్యాంకుల మెట్లు చేస్తాం.

నా టేబుల్ మీద కొటేషన్ల పుస్తకం ఒకటి ఉంటుంది. ఒకే పనికి అందులో రెండు రేట్లు రాసుకుంటాను. ఎడమ పక్కది తెలిసినవాళ్లకి. కుడి పక్కది కొత్తవాళ్లకి. వాళ్లకి నూటికి పన్నెండు రూపాయలు ఎక్కువ, పైగా సగం అడ్వాన్సు. ఇనుము ధర ఇద్దరికీ ఒకటే, కరెంటు ఒకటే, వెల్డర్ కూలీ ఒకటే. మరి ఆ పన్నెండూ ఎందుకంటే, కొత్తవాడు డబ్బు ఎగ్గొడితే నేను చేయగలిగింది ఏమీ లేదు గనక. ఆ పన్నెండు రూపాయల గురించే ఈ ఉత్తరం.

ఇది ఊరికే వచ్చిన భయం కాదు. కొన్నేళ్ల క్రితం ఒక పెద్ద కంపెనీకి, పేరు ఇక్కడ అనవసరం, 4 లక్షల 80 వేల రూపాయల సరుకు పంపాను. పర్చేజ్ ఆర్డర్ ఉంది, చలానా మీద వాళ్ల గేటు ముద్ర ఉంది. రెండు నెలలు ఆడిట్ అన్నారు. తర్వాత బిల్లులు చూసే ఆయన మారాడన్నారు. ఏడో నెలలో 'క్వాలిటీ తేడా' అంటూ డెబిట్ నోట్, అంటే బిల్లులో కోత పెడుతున్నట్టు కాగితం, పంపారు. తమాషా ఏమిటంటే, అప్పటికే నా వెల్డర్ వేరే కాంట్రాక్టర్ పని మీద లోపలికి వెళ్లి చూసొచ్చాడు. "మన ఫ్లాంజ్‌లే సార్, బిగించేశారు, లైన్ నడుస్తోంది" అని చెప్పాడు. ఈలోగా జీతాలకి నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాను. చివరికి మూడు లక్షలు ఇస్తామన్నారు. ఫుల్ అండ్ ఫైనల్ అని సంతకం పెట్టి తీసుకున్నాను.

చట్టం నా వైపే ఉంది, ఆ మాట ఒప్పుకుంటాను. మాలాంటి చిన్న పరిశ్రమల కోసం తెచ్చిన 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజులు దాటకుండా డబ్బు ఇవ్వాలి. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఫిర్యాదు చేస్తే, ఇలాంటి బాకీల తగాదాలు చూసే ఫెసిలిటేషన్ కౌన్సిల్ 90 రోజుల్లో తేల్చాలి. తీర్పు మీద కోర్టుకు పోవాలంటే కొనుగోలుదారు ముందు 75 శాతం డిపాజిట్ కట్టాలి. ఇంత గట్టి చట్టం నా చేతిలో ఉండి కూడా మూడు లక్షలకే ఎందుకు సంతకం పెట్టానంటారా? మా వీధిలో ఆ వడ్డీ అడిగి తీసుకున్నవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. అడిగితే మళ్లీ ఆర్డర్ రాదు. అడగకపోతే చట్టం కాగితం మీదే ఉంటుంది. తేలడానికి ఏళ్లు పడుతుందని నాకెంత తెలుసో ఎదుటివాడికీ అంతే తెలుసు. వాడు బేరమాడేది ఆ ఏళ్లని చూసుకునే. గెలిచినవాడు ఓడినట్టు, ఓడినవాడు చచ్చినట్టు అని పెద్దలు కోర్టుల గురించి అనుభవం మీదే అన్నారు.

ప్రపంచ బ్యాంకు 2020 నివేదికలో ఒక లెక్క ఉంది. వ్యాపార ఒప్పందం అమలు కోసం కోర్టుకెక్కితే సింగపూర్‌లో 164 రోజులు, మన దేశంలో 1,445 రోజులు. ఖర్చు దావా మొత్తంలో 31 శాతం. అంకెల్లో అవకతవకలు బయటపడి 2021లో ఆ నివేదికనే ఆపేశారు, పైగా మన దేశం అంకె ఢిల్లీ, ముంబైలలో తీసింది, విశాఖది కాదు. అయినా ఆటోనగర్‌లో ఎవరిని అడిగినా 1,445 అంటే ఆశ్చర్యపోరు. సింగపూర్ ధనిక దేశం, దాంతో మనకేం పోలిక అనవచ్చు. మరి రువాండా? 1994 మారణహోమంలో న్యాయవ్యవస్థ నామరూపాల్లేకుండా పోయిన పేద దేశం. 2008లో వ్యాపార తగాదాలకు వేరే కోర్టులు పెట్టుకుంది. అదే నివేదికలో దాని లెక్క 230 రోజులు.

కోర్టులు బాగుంటేనే వ్యాపారం పెరుగుతుందని నేనంటే, చైనా కోర్టులను నమ్ముకుని పెరిగిందా అని మా అబ్బాయి వాదిస్తాడు. వాడి మాటలో నిజం లేకపోలేదు. కానీ నేను చైనాలో లేను, గాజువాకలో ఉన్నాను.

ఇక్కడ నాకు కనిపించేది ఇది. చట్టం మీద నమ్మకం లేనిచోట వ్యాపారం చుట్టరికం మీద నడుస్తుంది. మన ఊరివాడా, మనవాళ్లలోవాడా, ఫలానా ఆయన తమ్ముడా అని చూసుకునే అప్పు సరుకు ఇస్తాం. కిందటేడు శ్రీకాకుళం వైపు నుంచి ఐటీఐ చదివిన కుర్రాడొకడు వచ్చాడు. సొంతంగా చిన్న కాంట్రాక్టు పట్టాడట, మెట్లు చేసివ్వమన్నాడు. డ్రాయింగ్ తనే చక్కగా గీసుకొచ్చాడు. కుడి పక్క రేటు చెప్పాను. "సగం అడ్వాన్సంటే నా వల్ల కాదండి" అని డ్రాయింగ్ చుట్టుకుని వెళ్లిపోయాడు. వాడు నన్ను మోసం చేసేవాడు కాదనే ఇప్పటికీ అనిపిస్తుంది. ఎవడో నాకు ఎగ్గొట్టిన లక్షా ఎనభై వేలు వాడి నెత్తిన వేశాను.

2025 అక్టోబరులో గూగుల్ వాళ్లు విశాఖలో 1,500 కోట్ల డాలర్లు పెడతామన్నారు. టీసీఎస్‌కు ఎకరం 99 పైసలకే ఇచ్చారు. రానివ్వండి, మా పిల్లలకి ఉద్యోగాలొస్తాయి. కాకపోతే వాళ్లకి లాయర్ల దండు ఉంటుంది, మీ ఫోన్ నంబరు ఉంటుంది. కోర్టు బాగుండాల్సిన అవసరం వాళ్లకంటే నాకూ ఆ కుర్రాడికీ ఎక్కువ. చట్టం దారి పొడుగైతే చిన్నవాడికి ఏమవుతుందో పెరూలో చూడండి. 1980లలో అక్కడి ఆర్థికవేత్త హెర్నాండో డి సోటో మనుషులు లీమా శివార్లలో చిన్న కుట్టు షాపుకు అనుమతుల కోసం కావాలనే నిక్కచ్చిగా తిరిగి చూశారు. 289 రోజులు పట్టింది. అంతకాలం తిరిగే ఓపిక పేదవాడికి ఎక్కడుంటుంది? వాడు చట్టం బయటే షాపు పెట్టుకుంటాడు, బ్యాంకు అప్పు రాదు, షాపు పెరగదు.

ఫెసిలిటేషన్ కౌన్సిళ్లను ఏర్పాటు చేసేది రాష్ట్ర ప్రభుత్వమే గనక మిమ్మల్నే అడుగుతున్నాను. ప్రతి కేసు ఎప్పుడు వేశారు, ఎన్నో రోజు నడుస్తోంది, ఎక్కడ ఆగింది అనేది, పేర్లు లేకపోయినా సరే, ప్రతి నెలా బయట పెట్టండి. 90 దాటినవి ఎర్ర అక్షరాల్లో వేయించండి. తీర్పు వచ్చాక డబ్బు చేతికొచ్చిందా లేదా అన్నది కూడా అందులో ఉండాలి, అసలు బండి ఆగేది అక్కడే. ప్రభుత్వ శాఖలు కొన్న సరుకుకీ అదే 45 రోజులు వర్తిస్తాయి, ముందు మీ ఇంటి నుంచి మొదలుపెడితే కంపెనీలకు చెప్పడానికి నోరుంటుంది.

జడ్జిల సంగతి మీ శాఖది కాదని తెలుసు. పది లక్షల జనాభాకు 50 మంది ఉండాలని లా కమిషన్ 1987లోనే చెప్పింది. ఇప్పటికీ 21 దగ్గరే ఉన్నాం. న్యాయశాఖ మంత్రి గారు కేబినెట్‌లో మీ పక్కనే కూర్చుంటారు కదా, ఒక మాట వేయండి.

ఈసారి విశాఖ వచ్చినప్పుడు ఆటోనగర్ వైపు రండి, కొటేషన్ల పుస్తకం చూపిస్తాను. కాన్వాయ్ మాత్రం మెయిన్ రోడ్డు మీదే ఆపించండి, మా వీధిలో లారీ తిప్పుకోవడానికే చోటు చాలదు.

ఇట్లు,
ఆటోనగర్‌లో ఒక షెడ్డు యజమాని,
గాజువాక, విశాఖపట్నం