వెల్డింగ్ రాడ్డు ప్యాకెట్ మీద రాతలు తెలుగులో ఎప్పుడు?

సంపాదకులకు నమస్కారం. విజయవాడ ఆటోనగర్‌లో నాది వెల్డింగ్ షాపు. మా కుర్రాళ్లకు పనితనం ఉంది. చదువుకుని తెలుసుకుందామంటే సరైన తెలుగు పుస్తకం మాత్రం మా బజారులో దొరకదు. యూట్యూబ్‌లో ఒకరు చెప్పింది ఇంకొకరు కాదంటారు.

నిజానికి మంచి సమాచారం రాడ్డు ప్యాకెట్ మీదే ఉంటుంది: కరెంటు ఎన్ని ఆంప్స్ పెట్టాలి, అది ఏసీయా డీసీయా, ఎంత వేడిలో ఆరబెట్టాలి. అదంతా ఇంగ్లిష్‌లో, చీమ తలకాయంత అక్షరాల్లో. 7018 అనే రకం రాడ్డునే తీసుకోండి. చెమ్మ పట్టిందంటే ఓవెన్‌లో, సాధారణంగా 250 డిగ్రీల పైనే, ఆరబెట్టాలి. ఎండలో పెడితే చాలదు. ఆ చెమ్మలోని హైడ్రోజన్ లోహంలోకి చేరి, అతుకు పక్కన పగులు తెస్తుంది. అదీ అప్పటికప్పుడు కాదు, గంటలు, ఒక్కోసారి రోజులు గడిచాక. లారీ ఛాసిస్ మీద అలాంటి పగులు వస్తే ప్రాణాల మీదికొస్తుంది.

మన దేశంలో ఈ రాడ్లకు ఐఎస్ 814 అనే ప్రమాణం ఉంది. భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ వెబ్‌సైట్‌లో ఉచితంగానే దింపుకోవచ్చు. కానీ పదో తరగతితో ఆపేసిన కుర్రాడికి ఆ ఇంగ్లిష్ ఎలా అర్థమవుతుంది?

ఐటీఐల అధికారులు ఆ ప్రమాణంలోనూ ప్యాకెట్ల మీదా మాకు పనికొచ్చే భాగాన్ని తెలుగులో ఒక గోడ చార్టుగా అచ్చు వేయించాలి. రాడ్డు రకం, సైజు, ఆంప్స్, ఆరబెట్టే వేడి ఉంటే చాలు. కంపెనీలు కూడా ప్యాకెట్‌లో ఒక తెలుగు చీటీ పెట్టాలి. మీ పత్రిక వారానికోసారి కాస్త చోటిస్తే, అనుభవమున్న మేస్త్రీలం రాసి పంపడానికి సిద్ధం.

- ఒక వెల్డింగ్ షాపు యజమాని, ఆటోనగర్, విజయవాడ